ఇద్దరు బావోజూ టీచర్లు

బావోజూ ఫోనెత్తిందో లేదో, అవతలి నుంచి ఒకావిడ తిట్లు లంకించుకుంది.

"బావోజూ టీచరంటే మీరేనా? బాగానే ఉంది మీ పనితనం! మొన్న మా అమ్మాయి పెళ్లిలో, సరిగ్గా అత్తగారికి టీ అందిస్తుంటే, మీరంటించిన కనురెప్ప వెంట్రుకలు ఊడి కప్పులో పడ్డాయి. ఆ మహాతల్లి జెర్రి అనుకుని కెవ్వున అరిచి కప్పు కిందపడేసింది. నలుగురిలో మా తల కొట్టేసినట్టయింది!"

కే బావోజూ మొన్నంతా పంటినొప్పితో గంజి తాగి మంచం మీదే ఉంది.

"అమ్మా, ఇంకెవరో అనుకుని నాకు చేశారు. మొన్న నేను ఇల్లు కదల్లేదు."

"ఇల్లు కదలకుండానే మా పిల్ల మొహానికి రంగు పూశారా? హూచియూ గుట్ట కింద పెళ్లిబట్టల వీధిలో అంతెత్తు బోర్డు పెట్టుకున్నారుగా, 'తైవాన్ కే బావోజూ టీచర్' అని! అక్కడ ఫోను ఎత్తి చావట్లేదు. మా ఆడపడుచు పెళ్లికీ మీరే చేశారట, దాని దగ్గర ఈ నంబరు దొరికింది. ఇప్పుడు చెప్పండి, ఏమంటారు?"

బావోజూ క్షమించమని చెప్పి ఫోను పెట్టేసింది. పెట్టేశాక, చేయని పనికి ఎందుకు క్షమాపణ అడిగానా అని తన మీద తనకే చిరాకేసింది.

ఆమె చైనాలోని సూచోకి వచ్చి ఇరవై ఏళ్లు కావస్తోంది. అన్న రోంగ్‌ఫా పెళ్లి ఫోటోల స్టూడియో పెడుతూ ఆమెను తైవాన్‌లోని చాంగ్‌హువా నుంచి వెంటబెట్టుకొచ్చాడు. అప్పట్లో ఈ ఊళ్లో పెళ్లికూతురంటే ఎర్రకోటు, జడలో ఒక పువ్వు, అంతే. తెల్ల గౌన్లు, మెత్తటి వెలుతురిచ్చే దీపాలు, అంటించే రెప్పలు, అన్నీ తైవాన్ వాళ్లు మోసుకొచ్చినవే. స్టూడియోకి ఆమె పేరే పెట్టారు. పక్క రాష్ట్రాల నుంచి కూడా ఆడపిల్లలు వచ్చి ఆమె దగ్గర ముస్తాబు పని నేర్చుకునేవారు, 'టీచర్' అని పిలిచేవారు. నిరుడు రోంగ్‌ఫా, "ఇంక ఇక్కడ గిట్టదే, మనకంటే వీళ్లే బాగా తీస్తున్నారు" అని స్టూడియో మూసేసి వియత్నాం పోయి కుర్చీల ఫ్యాక్టరీలో వాటాదారుగా చేరాడు. సామాను తుక్కు కింద వదిలించుకున్నానన్నాడు.

బావోజూ మాత్రం పోలేదు. చాంగ్‌హువాలో భర్త ఉన్నాడు, మోటార్‌సైకిళ్లు బాగుచేసుకుంటూ. ఏటా కొత్త సంవత్సరానికి వెళ్లి రావడం ఇద్దరికీ అలవాటైపోయింది. ఈ చలికాలం మోకాలి ఆపరేషన్‌కి వెళ్లి వేసవి ముందు దాకా అక్కడే ఉండాల్సి వచ్చింది. ఒకరోజు బజార్లో జామకాయలు ఏరుతుంటే పళ్లమ్మేవాడు, "అమ్మా, మీది చైనా మెయిన్‌లాండ్‌లో ఏ వైపు? మా తమ్ముడూ ఆ వైపు పిల్లనే చేసుకున్నాడు" అన్నాడు.

"నేను ఈ వీధిలోనే పుట్టాను నాయనా!"

"ఆఁ, మా మరదలూ ఇప్పుడు అలాగే అంటుంది లెండి" అని నవ్వి ఒక కాయ ఎక్కువేశాడు.

ఆమె ఆ కాయ తిరిగివ్వాలా తీసుకోవాలా తేల్చుకోలేక సంచిలో వేసుకుని వచ్చేసింది.

*

బోర్డు నిజంగానే ఉంది. గులాబీరంగు మీద తెల్ల అక్షరాలు. లోపల అద్దాలు, పట్టు పూలు, గోడ పొడుగునా తైపేలోని ఒక రాత్రి బజారు ఫోటో. కౌంటరులో కూర్చున్న పిల్ల లేచి నిలబడింది.

"పెద్దమ్మా, అమ్మాయి పెళ్లికా? కోడలికా?"

"బావోజూ టీచర్ని కలవాలి."

"టీచర్‌తో మాట్లాడుకున్నారా ముందే? పోయిన వారమే ఆవిడ తైపే నుంచి వచ్చారు, తీరిక లేదు."

"ఎక్కణ్ణుంచి వచ్చారు?"

"తైపే నుంచి. అసలు తైవాన్ మనిషి కదా."

బావోజూ గొంతు సవరించుకుంది. "అమ్మాయ్, కే బావోజూ అంటే నేనే."

ఆ పిల్ల ఆమెను ఎగాదిగా చూసింది. బావోజూ మామూలు ఊలు స్వెట్టరు వేసుకుంది, కాళ్లకి గుడ్డ చెప్పులు. పిల్లకి నవ్వాగలేదు. "పెద్దమ్మా, మీరు మాట్లాడుతుంటే అచ్చం కూరగాయల బజారులో మా మేనత్తని విన్నట్టుంది. తైవాన్ వాళ్లు అలా మాట్లాడరు. ఎంత ముద్దుగా ఉంటుందో వాళ్ల మాట, మీరే వినండి," అని లోపలికి కేకేసింది. "టీచర్!"

తెర తొలగించుకుని ముప్పై ఏళ్ల మనిషొచ్చింది. తెల్లటి మొహం, చేతిలో బ్రష్షు, మెడలో సన్నటి ముత్యాల దండ.

"రండి కదా... లోపల కూర్చోండి కదా... ఎండలో పడొచ్చారు, నీళ్లు తాగుతారు కదా..."

ప్రతి మాట చివరా ఆ మెత్తని సాగదీత!  బావోజూ పినతల్లి ఇలా మాట్లాడేది. చిన్నప్పటి బడి పంతులమ్మ ఇలా మాట్లాడేది. తనూ ఒకప్పుడు ఇలాగే మాట్లాడేదేమో. ఇప్పుడు అదే సాగదీతతో నోరు తెరవబోతే, తనను తనే వెక్కిరించుకున్నట్టు అనిపించి మానుకుంది.

"మీదే ఊరు?" అంది చివరికి.

"చాంగ్‌హువా కదా..."

"చాంగ్‌హువాలో ఎక్కడ?"

ఆ మనిషి మొహంలో రంగు మారింది. ఇంకేదో అనబోయేంతలో వెనక వీధి తలుపు తోసుకుని ఒకావిడ చేతినిండా సంచులతో వచ్చింది. బావోజూని చూడగానే సంచులన్నీ నేల మీద వదిలేసి పరుగెత్తుకొచ్చి వాటేసుకుంది.

"అక్కా! నా అక్కా! మోకాలు ఎలా ఉంది? నువ్వు వచ్చావని నాకెవరూ చెప్పలేదేం?"

హోంగ్లియెన్. అన్హుయ్ పల్లెటూరి నుంచి పదిహేడేళ్ల పిల్లగా వచ్చి, మొదటిరోజు పౌడరు తెరవడం రాక మూత పళ్లతో కొరికిన హోంగ్లియెన్. బావోజూ దగ్గర పని నేర్చుకున్న పిల్లల్లో అందరికంటే చురుకైనది.

"ఈ షాపు..."

"నాదే అక్కా. నాదంటే నీదే. కూర్చో ముందు. ఏయ్, బియ్యప్పిండి పచ్చ ఉండలు తెచ్చాను సంచిలో, ప్లేట్లో పెట్టుకురా. టీ పెట్టు, మంచిది పెట్టు."

బావోజూ పోట్లాడదామని వచ్చింది. దారి పొడుగునా మాటలు కూడబెట్టుకుంది. ఇప్పుడు హోంగ్లియెన్ ఆమె మోకాలు నిమురుతూ కింద పీట మీద కూర్చుంది. 

"నా పేరు బోర్డు మీద ఎందుకుందే?"

హోంగ్లియెన్ నిజంగానే ఆశ్చర్యపోయింది. "మీ అన్నయ్య చెప్పలేదా? గౌన్లు, దీపాలు, సోఫాలు, పేరు, అన్నీ కలిపి నేనే కొన్నాను కదా. నీకు చెప్పే ఉంటాడనుకున్నాను. చెప్పలేదా? అయ్యో రామ, ఇద్దరూ ఒకే గూటి పక్షులు, ఇంత చిన్న సంగతి చెప్పుకోలేదా?"

అక్కడికక్కడే బావోజూ వియత్నాంకి ఫోను కలిపింది. అవతల యంత్రాల రొద. అన్న అరిచి మాట్లాడుతున్నాడు.

"నా పేరు అమ్మేశావా అన్నయ్యా?"

"నీ పేరు ఎందుకమ్ముతానే! స్టూడియో పేరు అమ్మాను."

"స్టూడియో పేరు నా పేరే కదా!"

"అదే చెప్పేది. అది నీ పేరు కాదు, స్టూడియో పేరు. నీ పేరు నీ దగ్గరే ఉంది. నిన్ను బావోజూ అని పిలవొద్దని ఎవరన్నా అన్నారా?"

"ఎవరో పిల్లని కూర్చోబెట్టి బావోజూ టీచర్ అంటున్నారు!"

రొద మధ్యలో రోంగ్‌ఫా అడిగాడు. "బాగా చేస్తోందా?"

"ఏంటి?"

"పని బాగా చేస్తోందా అని. చేస్తుంటే నీకే మంచిది. చూడు, నువ్వు ఇక్కడికి రా. ఇక్కడా పెళ్లిళ్లవుతున్నాయి. తైవాన్ టీచరంటే ఎగబడతారు. కొత్త పేరు పెడదాం. ఏ పేరైతే బాగుంటుందో ఆలోచించి..." యంత్రమేదో గట్టిగా మోగింది, లైను తెగిపోయింది.

హోంగ్లియెన్ ప్లేటు ఆమె ముందుకి జరిపింది. "తిను అక్కా. నేను నీ కోసం ఎదురుచూస్తూనే ఉన్నాను, నువ్వు వస్తావని. నీ కుర్చీ అదిగో, పాత స్టూడియోలోదే. రేపటి నుంచి రా. కాకపోతే ఒక్క చిక్కుంది." ఆమె గొంతు తగ్గించింది. "ఇప్పుడందరికీ ఈ కుయ్‌ఫెనే బావోజూ. ఫోనుల్లో వీడియోలు కూడా దానివే. ఇప్పుడు నిన్ను బావోజూ అంటే ఎవరూ నమ్మరు. దాన్ని కాదంటే షాపు మునుగుతుంది. నిన్నేమని పిలవాలో చెప్పు."

కుయ్‌ఫెన్ అనే ఆ నకిలీ టీచరు తెర పక్కనే నిలబడి బ్రష్షు వెంట్రుకలు ఒక్కొక్కటే పీకుతోంది. ఇప్పుడు సాగదీత లేదు, అచ్చమైన అన్హుయ్ యాస. "నన్నేమీ అనకండి టీచర్. నేను తైవాన్ సీరియళ్లు చూసి నేర్చుకున్నాను ఆ మాట. మొన్న రెప్ప ఊడింది కూడా నా వల్లే. ఆ పెళ్లికూతురి తల్లి ఫోను మేమెత్తలేదు, మీకు చేసి తిట్టిందా?"

"తిట్టింది."

"క్షమించండి."

"నేను క్షమాపణ చెప్పేశాను లే," అంది బావోజూ. అన్నాక ఆ మాటకి అర్థమేమిటో తనకే తెలియలేదు.

*

ఆమె మరునాడు వెళ్లింది. ఎందుకు వెళ్లిందంటే చెప్పలేదు. ఇంట్లో ఉంటే పన్ను నొప్పెడుతోంది, అంతే అనుకుంది. అందరూ పెద్దమ్మ అనసాగారు. ఒకమ్మాయికి తన చేత్తో ముస్తాబు చేసింది, పాత పద్ధతిలో, గులాబీ బుగ్గలు, నీలం రెప్పలు. ఆ పిల్ల అద్దంలో చూసుకుని, "అచ్చం మా అమ్మ పెళ్లి ఫోటోలాగా ఉన్నాను" అని ఏడుపు మొహం పెట్టింది. కుయ్‌ఫెన్ మెల్లగా వచ్చి దూది పెట్టి తుడిచి, ఉందా లేదా అన్నట్టుండే పలచటి రంగులతో మళ్లీ చేసింది. బాగుంది. బావోజూ ఒప్పుకోక తప్పలేదు. మధ్యాహ్నం నూడిల్స్ తింటూ, రెప్పలకి జిగురు రాశాక ఊది ఆరనిచ్చి అంటించాలని కుయ్‌ఫెన్‌కి చెప్పింది. "అందుకా ఊడింది!" అని ఆ పిల్ల తల పట్టుకుంది.

ఆ వారమే యీరూ వచ్చింది. వూషీ ఊరి ఇంజనీరు కుర్రాణ్ణి చేసుకోబోతున్న తైవాన్ అమ్మాయి. తలుపు తెరవగానే అంది:

"బోర్డు చూసి బస్సు దిగిపోయాను. టీచర్, మీరు నిజంగా తైవానేనా?"

"అవును కదా..." అంది కుయ్‌ఫెన్, బిక్కచచ్చిపోతూ.

"ఎంత హాయిగా ఉందో ఆ మాట వింటే! ఏ ఊరు?"

"చాంగ్‌హువా కదా..."

"మాదీ చాంగ్‌హువానే! ఎక్కడ, ఏ వీధి?" అని ఆ పిల్ల ఆనందం పట్టలేక తైవాన్ వాళ్లు ఇంట్లో మాట్లాడుకునే భాషలోకి దిగిపోయి గలగలా ఏదో అడిగింది. ఆ భాష సీరియళ్లలో అంతగా రాదు. కుయ్‌ఫెన్ కళ్లు నీళ్లలోంచి తీసిన చేప కళ్లలా అయ్యాయి. అవి బావోజూ మీద వాలాయి.

బావోజూ అప్పటిదాకా గౌను అంచు కుడుతోంది. సూది ఆగింది. నోటికి అదుపు లేకుండా జవాబు వచ్చేసింది, అదే భాషలో. "రైలు స్టేషన్ వెనక, బావన్ కుడుముల అంగడి పక్క సందు. వానొస్తే మోకాలి లోతు నీళ్లు నిలిచే సందు."

యీరూ తిరిగి చూసింది. చప్పట్లు కొట్టినంత పని చేసింది. "అమ్మో, పెద్దమ్మా! మా భాష ఎంత బాగా నేర్చుకున్నారు! టీచర్ దగ్గర పనిచేసి వచ్చిందా? ఇక్కడి వాళ్లకి ఇంత చక్కగా రావడం నేనెప్పుడూ చూడలేదు."

"నేర్చుకోలేదమ్మా. నాది ఆ ఊరే. కే బావోజూ నేనే."

 కౌంటరు పిల్ల నోరు తెరిచింది. హోంగ్లియెన్ మెట్ల మీద ఆగిపోయింది. యీరూ మాత్రం పకపకా నవ్వేసింది. "టీచర్, మీ పెద్దమ్మ భలే సరదా మనిషి! ఉండండి, మా నాయనమ్మకి చూపిస్తాను మిమ్మల్ని. ఆ సందు పక్కనే మా ఇల్లు."

ఫోను తెర మీద ముడతల మొహం కనిపించింది. ఆవిడ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.  ఆ ముసలావిడని బావోజూ గుర్తుపట్టింది. వాళ్ల ఇంటి ముందు నుంచే బడికి వెళ్లేది. యీరూ టీచర్నీ పెద్దమ్మనీ పక్కపక్కన నిలబెట్టింది.

"నాయనమ్మా, బావోజూ అని, కే వాళ్లమ్మాయట. గుర్తుందా?"

"గుర్తు లేకేం!" అంది ఆవిడ. "కే వాళ్ల చిన్నమ్మాయి. అదిగో ఆ ముత్యాల దండ పిల్లే కదా. అచ్చం వాళ్లమ్మ పోలిక! చెవులు చూడు, అవే చెవులు. ఆ పక్కన ఉన్నావిడ ఎవరే? పనిమనిషా?"

బావోజూ కుయ్‌ఫెన్ చెవులకేసి చూసింది. చిన్న చెవులు, తమ్మెలు లోపలికి అంటుకుపోయినవి. తన తల్లి చెవులు ఎలా ఉండేవో గుర్తుతెచ్చుకోబోయింది. ఎంత ప్రయత్నించినా గుర్తు రాలేదు. కళ్ల ముందు ఉన్న ఈ చెవులే వచ్చి ఆ మొహం మీద అతుక్కుంటున్నాయి.

నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. ఏది ముందు వచ్చిందో తెలియక, సూది దారం కోసం వెతుకుతున్నట్టు వంగి కూర్చుంది.

*

యీరూకి ఇంటి నుంచి రాగలిగింది తల్లీతండ్రీ మాత్రమే. తల్లికి నడుం పట్టేసి సరిగా నిలబడలేదు. హోటలు నుంచి పెళ్లికూతుర్ని కారు దాకా నడిపించేటప్పుడు తమ ఊరి ఆచారం ప్రకారం తల మీద వెదురు చాట పట్టడానికి నిండు ముత్తయిదువ కావాలి, సొంత ఊరి మనిషైతే మరీ మంచిది. "బావోజూ టీచర్, మీరే పట్టాలి, ఇంకెవరున్నారు నాకు ఇక్కడ?" అని కుయ్‌ఫెన్ చేతులు పట్టుకుంది యీరూ. పెళ్లే కాని కుయ్‌ఫెన్, ఇద్దరు కొడుకుల తల్లినని ఎప్పుడో వీడియోలో చెప్పేసి ఉంది పాపం. కాదనలేకపోయింది.

రాత్రింబవళ్లూ కుయ్‌ఫెన్ బావోజూ వెంటపడింది. "చాట ఎలా పట్టాలి టీచర్? ఏ దీవెన చదవాలి? తప్పు చదివితే ఆ పిల్లకి ఏమన్నా అవుతుందా?"

"ఏం కాదు. నవ్వుతూ చదువు, చాలు."

"మీకు కోపం రావట్లేదా నా మీద?"

బావోజూ ఆలోచించింది. "రావాలనే చూస్తున్నాను. ఒకసారి మీ హోంగ్లియెన్ మీదికి పోతుంది, ఒకసారి మా అన్న మీదికి, ఒకసారి ఆ ముసలావిడ మీదికి. ఎక్కడా నిలవట్లేదు."

పెళ్లిరోజు పొద్దున హోటలు వరండా నిండా జనం. వూషీ వాళ్లు టపాకాయలు కాలుస్తున్నారు, ఫోనులు పైకెత్తి పట్టారు. తెల్ల గౌనులో యీరూ తలుపు దగ్గర నిలబడింది. తల్లి లోపల కుర్చీలో కూర్చుని కళ్లొత్తుకుంటోంది. కుయ్‌ఫెన్ ఎర్రగుడ్డ కట్టిన చాట ఎత్తబోయింది.  గడప దగ్గరికి వచ్చి ఆగింది. యీరూ తల్లి ఏడుపుకేసి చూసింది, యీరూకేసి చూసింది. హఠాత్తుగా చాట తెచ్చి బావోజూ చేతుల్లో పెట్టేసింది.

"నా వల్ల కాదు టీచర్. ఇది అబద్ధమాడే చోటు కాదు. మీరు పట్టండి."

"ఏమైంది? ఎవరీవిడ?" అన్నారు పెళ్లికొడుకు వైపు వాళ్లు.

"బావోజూ టీచర్ దగ్గర పనిచేసే పెద్దమ్మ," అని చెప్పాడు ఫోటోలు తీసే కుర్రాడు.

బావోజూ చాట పైకెత్తింది. మోకాలు సలుపుతోంది. పెళ్లికూతురు పొడుగు, మునివేళ్ల మీద నిలబడాల్సి వచ్చింది. యాభై నాలుగేళ్ల మొహం మీద ఎండ పడుతోంది. నోరు తెరిస్తే, తన పెళ్లప్పుడు మేనత్త చాట పట్టి చదివిన మాటలు ఇంటి భాషలోనే ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. గొంతులో కూరగాయల బజారు లేదు, సీరియళ్ల సాగదీత లేదు. మేనత్త గొంతులాగే బొంగురుగా ఉంది.

"చాట పైకెత్తితే చీకటి తొలగాలి, గడప దాటితే దారి విడవాలి. పుట్టింటి నీడ వెంట రావాలి, మెట్టింటి దీపం ముందు నిలవాలి."

లోపల కుర్చీలోని తల్లి ఏడుపు ఆపి తలెత్తింది. నడుం నొప్పి మరిచిపోయి లేచి నిలబడింది. యీరూ చాట కింది నుంచి మెడ తిప్పి ఆమె మొహంలోకి చూసింది.

"పెద్దమ్మా," అంది ఇంటి భాషలో, మెల్లగా, ఇప్పుడు నవ్వు లేకుండా. "మీరెవరు?"

చెప్పొచ్చు. ఇప్పుడు చెబితే నమ్ముతుంది. బావోజూకి ఆ సంగతి తెలుస్తూనే ఉంది. కానీ ఆ పేరు నాలుక మీదికి వచ్చేసరికి, అది తనదా, బోర్డుదా, కార్ల దగ్గర నిలబడి వెక్కివెక్కి ఏడుస్తున్న కుయ్‌ఫెన్‌దా అన్నది తేలలేదు.

"మీ ఊరి మనిషినే తల్లీ," అంది. "నడు, గౌను చూసుకో, మెట్లున్నాయి."

ఇద్దరూ మెట్లు దిగారు. కారు తలుపు వేశాక కూడా యీరూ అద్దంలోంచి ఆమెనే చూస్తూ ఉంది.

మర్నాడు హోంగ్లియెన్ పేర్లు రాసిన చిన్న రేకు బిళ్లలు చేయించి తెచ్చింది, పనివాళ్లందరూ గుండెల మీద పెట్టుకోవడానికి. "నీదాని మీద ఏం రాయించను అక్కా? అందరివీ అయిపోయాయి, నీదొక్కటే మిగిలింది."

కుయ్‌ఫెన్ తన బిళ్ల తీసి బల్ల మీద పెట్టింది. దాని మీద బావోజూ అని ఉంది. "ఇది ఆవిడకివ్వండి. నాకు నా పేరు రాయించండి."

"నీ పేరుతో షాపు నడుస్తుందా?" అంది హోంగ్లియెన్ కంగారుగా.

"ఏమో," అంది కుయ్‌ఫెన్.

ఇద్దరూ బావోజూకేసి చూశారు. ఆమె ఆ బిళ్లని చేతిలోకి తీసుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. వెనక పిన్నీసు వంకరగా ఉంది, గోటితో సరిచేసింది. అంతలో తలుపు తెరుచుకుంది. ఎవరో పెళ్లికూతురు, వెంట ఇద్దరు స్నేహితురాళ్లు.

"బావోజూ టీచర్ ఉన్నారా?"

"ఉన్నాను," అన్నారు ఇద్దరూ ఒకేసారి.